నల్ల పొట్టేలు, సర్కారు కంబళ్ళు

నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తగారింట్లో మగ్గం గుంట ఒక్కటే ఉండేది. నేలలో నడుము లోతు తవ్విన గుంట. అందులో కాళ్ళు పెట్టుకొని కూర్చుని మా ఆయన గొంగళ్ళు నేసేవాడు. నేనూ మా అత్తా గోడకు ఆనుకొని ఉన్ని వడికేవాళ్ళం. ఉన్ని మా గొర్రెలదే. శంషాబాదు పక్కన ఇప్పుడు విమానాలు దిగే మెట్టంతా అప్పుడు గడ్డి, మా మందకు అదే మేత. గొర్రె నలుపు, ఉన్ని నలుపు, గొంగడీ నలుపే. చింతగింజలు వేయించి దంచి ఉడకబెట్టిన గంజి పట్టిస్తే గొంగడి చెక్కలా బిగుసుకొని వాన చుక్కను లోపలికి రానిచ్చేది కాదు.

ఎక్కడో యుద్ధం జరుగుతోందని వినడమే గానీ మేము దాన్ని చూసింది లేదు. మా ఇంటికి వచ్చింది ఆ యుద్ధం తాలూకు గుమస్తా. సర్కారుకు కంబళ్ళు సప్లై చేసే ఒక గుత్తేదారు దగ్గర పని చేసేవాడు. అరుగు మీద కూర్చుని నమూనా గుడ్డ ఒకటి తీసి చూపించాడు. కంబళి తెల్ల ఉన్నితోనే నేయాలట, ఎందుకంటే సిపాయిల రంగు అద్దాలి, నల్లదానికి రంగు పట్టదు. గంజి అసలే పెట్టకూడదట, మెత్తగా ఉండాలి. ఎన్ని నేస్తే అన్నీ తీసుకుంటామన్నాడు.

మా ఆయన మొహం వెలిగిపోయింది. మా అత్త మాత్రం రాట్నం ఆపి ఒకే ఒక మాట అడిగింది.

"గీ కొనుడు ఎన్ని దినాలుంటదయ్యా?"

"జంగ్ నడిచినన్ని దినాలు నడుస్తదమ్మా."

"అంటె జంగు ఆగిన్నాడు మా మగ్గం ఆగుతదన్నట్టేనా?"

గుమస్తా టోపీ సర్దుకొని, అప్పటి సంగతి అప్పుడు చూద్దామన్నాడు. చాయ్ తాగి లేచిపోయాడు. మా అత్త ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టే దాచుకుంది.

ఇక చూడాలి ఆ రెండేళ్ళు. సర్కారు చిట్టీ చేతిలో ఉందంటే చాలు, షావుకారు తానే పిలిచి సగం వడ్డీకి అప్పు ఇచ్చాడు. ఆ డబ్బుతో తెల్ల ఉన్ని కొన్నారు, మా ఇంట్లో ఇంకో రెండు గుంటలు తవ్వారు. ఒకదాంట్లో మా మరిది కూర్చున్నాడు, రెండోదాంట్లో పట్నంలో కూలి చేసుకునే మా పినమామ తిరిగొచ్చి కూర్చున్నాడు. వాడలో రాట్నం తిప్పని ఆడమనిషి లేదు. ఖాళీగా ఉండే మనిషే కనబడేవాడు కాదు. నా చేతికి మొదటిసారి వెండి కడియం పడింది కూడా అప్పుడే. ఆ రోజులు చెడ్డవని నేను అనను.

అయితే, తెల్ల ఉన్నికి సర్కారు ధర కట్టింది గానీ నల్ల ఉన్నికి ధర లేదు. అడిగేవాడే లేకపోయాడు. దాంతో గొర్రెలవాళ్ళంతా ఒకరిని చూసి ఒకరు నల్ల పొట్టేళ్ళను కసాయికి అమ్మేసి, దూరం నుంచి తెల్ల పొట్టేళ్ళను తెచ్చి మందలో కలిపారు. రెండు ఈతలు తిరిగేసరికి పిల్లలన్నీ తెల్లగానో, మచ్చలతోనో పుట్టడం మొదలైంది, నల్ల గొర్రెలు కూడా ఒక్కొక్కటే సంతకు పోయాయి. మేము మాత్రం మా నల్ల పొట్టేలును ఉంచుకున్నాం. ఉంచుకున్నాం అనడం తప్పు, మా అత్త ఉంచింది. దానికి మెలి తిరిగిన కొమ్ములు, మనిషిని పొడిచే అలవాటు, తిండి చూస్తే రెండింతలు. రోజూ దాని మీద ఇంట్లో గొడవే.

ఒక సంత రోజున మా ఆయన తల్లికి చెప్పకుండా దాన్ని తాడుతో పట్టుకొని శంషాబాదు దారి పట్టాడు. నాకు చెప్పాడు, చెప్పొద్దని కూడా చెప్పాడు. నేను పొయ్యి దగ్గర కాసేపు కూర్చున్నాను, మనసు ఊరుకోలేదు. వెళ్ళి అత్తతో చెప్పేశాను. ఆమె వెంటనే లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది, నేను వెనకాలే పరుగు.

మేము చేరేసరికి కసాయి మా ఆయనకు ముందస్తు బయానా ఇచ్చేసి ఉన్నాడు. మా అత్త నేరుగా వెళ్ళి పొట్టేలు ముందు కింద కూర్చుని రెండు కొమ్ములూ పట్టుకుంది. మనిషిని పొడిచే జీవం, ఆమె చేతిలో కదలకుండా నిలబడింది. చుట్టూ జనం మూగారు. అందులో రావిర్యాల ఊరి గొర్రెలాయన ఒకడు, తన పొట్టేళ్ళను అప్పుడే అమ్ముకొని సంతోషంగా ఉన్నాడు.

"ఏందక్కా, పొట్టేలుకు పెండ్లి జేస్తవా ఏంది, గట్ల పట్టుకొని కూసున్నవ్?"

"జేస్త. నీ మందను తోలుకొని నువ్వే నా వాకిట్లకొస్తవు జూడు."

అందరూ నవ్వారు. మా ఆయన తల వంచుకొని, లే అవ్వా, నలుగురు నవ్వుతున్నరు అన్నాడు. ఆమె కొమ్ములు వదలలేదు, గొంతు కూడా పెంచలేదు.

"నవ్వనీ కొడుకా. సర్కారు ఇయ్యాల అడిగింది, రేపు జంగు ఆగితె అడగదు. గొంగడి మనోళ్ళు అడుగుతరు, నేను సచ్చినంక గూడ అడుగుతరు. అప్పుడు నల్ల ఉన్ని యాడికెళ్ళి తెస్తవ్?"

మా ఆయన రొంటిన దోపుకున్న బయానా తీశాడు. తిరిగి కసాయి చేతిలో పెట్టేశాడు. దారిలో తల్లీకొడుకులు ఒక మాట అనుకున్నారు. మూడు మగ్గాల్లో రెండు సర్కారుకు నేస్తాయి, పాతది మాత్రం నల్ల గొంగడే నేయాలి. దానివల్ల తగ్గే రాబడి తాను వడికి పూడుస్తానంది అత్త. ఆమె రాట్నం ఆ రోజు నుంచి తెల్లవారకముందే మొదలయ్యేది. ఎవరూ అడగని చింతగింజలను వేసవిలో ఏరి కుండలో పోసేది.

యుద్ధం ఆగిందని చెప్పిన మనిషి కూడా ఆ గుమస్తానే. నేసినవి పట్టుకుపోయాడు, సగం నేసినవి మగ్గం మీదే వదిలేశాడు. సర్కారు కొనడం మానేసింది. ఆ నెలలోనే షావుకారు వడ్డీ పెంచాడు, మునుపటికంటే ఎక్కువే. నాకప్పుడు అర్థమైంది, అతను అప్పిచ్చింది మా పనితనాన్ని చూసి కాదు, సర్కారు కొనుగోలును చూసి. తిరిగొచ్చిన మగవాళ్ళు మళ్ళీ పట్నం దారి పట్టారు, అందరూ ఒకేసారి వెళ్ళేసరికి అక్కడ కూలి కూడా పడిపోయింది. మిగిలిన తెల్ల కంబళ్ళను సంతలో పరిస్తే మావాళ్ళు ముట్టుకొని చూసి, ఇది వానకు ఆగదని పక్కన పెట్టారు. నల్ల గొంగడి అడిగారు. యుద్ధం ఒక్కరోజులో ఆగింది గానీ, మందల్లో పోయిన నలుపు ఒక్కరోజులో వస్తుందా?

మా పినమామ తన గుంటను పూడ్చేసి పట్నం పోతానన్నాడు. మా అత్త పార లాక్కుంది. పూడిస్తే మళ్ళీ తవ్వడానికి షావుకారు కాళ్ళు పట్టుకోవాలని, ఉన్న కాస్త నల్ల ఉన్నినే ముగ్గురూ వంతుల మీద నేయాలని చెప్పింది. వారానికి ఒకరు మగ్గం మీద, ఇద్దరు కట్టెలు కొట్టడానికి. జొన్నరవ్వ కాచిన గట్కే తిన్నాం, అదీ కొన్నాళ్ళు ఒక్కపూటే. ఆమె గిన్నె మా అందరి గిన్నెలకంటే చిన్నది.

ఒక పొద్దున వాకిట్లో గొర్రెల అరుపులు వినిపించి బయటికి వచ్చాను. రావిర్యాల ఆయన, వెనక తెల్ల మంద. ఆయన సంతలో అన్న మాట నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుంది, అందుకే తల ఎత్తడం లేదు.

"అక్కా, నీ పొట్టేలును జర ఇయ్యాలె."

మా అత్త నవ్వలేదు. ఆయనకు నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. పొట్టేలుకు డబ్బు తీసుకోనంది. పుట్టిన నల్ల పిల్లల మొదటి కోత ఉన్ని మా మగ్గాలకు ఇవ్వాలి, అది చాలంది. ఆయన తరవాత మరో ముగ్గురు వచ్చారు, అందరికీ అదే షరతు.

మందల్లో నల్ల పిల్లలు పుట్టి పెరగడానికి రెండేళ్ళు పట్టింది. మొదటి కోత ఉన్ని మూటలు వచ్చిన రోజున మా మరిది తన గుంటలో దిగాడు, తరవాత పినమామ. మూడు మగ్గాల చప్పుడు ఒక్కసారిగా వినబడేసరికి నేను రాట్నం ఆపాను. అత్త నా వైపు చూసింది.

"గట్ల చూస్తవేంది పిల్లా, గింజలు దంచు. మూడింటికి గంజి కావాలె."

కుండలు దించాను. ఎన్నో వేసవులు ఏరిన గింజలు, అంచుల దాకా ఉన్నాయి.