పేరు గీకేసిన మెడల్

దయ్యాల కథలు వింటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే వచ్చేది. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెం బొగ్గు గనుల కాలనీలో. మా నాన్నది గనిలో దిగే ఉద్యోగం. బొగ్గు బాయిలో చనిపోయినవాళ్ళు మళ్ళీ షిఫ్టుకు వస్తారని మా వాడకట్టు ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే, "సచ్చినోళ్ళకు కూడా సెలవియ్యరా ఏంది వీళ్ళు?" అని నాన్న నవ్వేవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషిని. ఇది నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల మొదట్లో మేం దక్షిణ ఇల్లినాయ్‌లో ఒక చిన్న బొగ్గు ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన అక్కడి గనిలో మైనింగ్ ఇంజనీరు. మనవాళ్ళెవరూ ఆ ఊళ్ళో లేరు. చింతపండు కావాలన్నా చికాగో దాకా డ్రైవ్ చేయాల్సిందే. నాకున్న స్నేహమల్లా ఎదురింటి లిండా. ఆమె భర్త డేల్ అదే గనిలో బొగ్గు తవ్వే మిషన్ నడిపేవాడు. మేం వచ్చిన మొదటి చలికాలం మా కారు మంచులో కూరుకుపోతే, పిలవకుండానే వచ్చి తోసి, థాంక్స్ చెప్పేలోపు వెళ్ళిపోయాడు.

లిండా వాళ్ళ చర్చిలో పాత సామాన్లు అమ్ముతుంటే ఒక గుండీల డబ్బా కొన్నాను. నాకు బట్టలు కుట్టే అలవాటు. ఇంటికొచ్చి డబ్బా బోర్లిస్తే గుండీల మధ్యలోంచి ఒక బరువైన కంచు మెడల్ పడింది. దాదాపు అరచేయంత ఉంది. ఒకవైపు తలకు ముసుగేసుకున్న ఆడమనిషి, ఆమె వెనక గనిలోకి మనుషుల్ని దింపే పెద్ద చక్రం. రెండోవైపు ఫ్రెంచి అక్షరాలు. వాటి మధ్య ఎవరిదో పేరు చెక్కి ఉన్నట్టుంది. దాన్ని ఎవరో మేకుతోనో కత్తితోనో కసిదీరా గీకేశారు. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

బాగుందని వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను. ఆ వారమే చప్పుడు మొదలైంది.

పట్టపగలే. అంట్లు తోముతుంటే కాళ్ళ కింద నుంచి వచ్చేది, ఇనప గొట్టాన్ని ఇనుముతో కొట్టినట్టు. కాసేపు కొట్టి ఆగేది. ఎవరైనా బదులిస్తారేమోనని చూస్తున్నట్టు ఉండేది ఆ ఆగడం. తర్వాత మళ్ళీ కొట్టేది.

మా ఆయన కూడా విన్నారు. "ఈ ఊరి కింద అంతా పాత గనులే సుజాతా. నేల కుంగుతుంటది, పైపులు కదుల్తయ్. దానికేముంది?" అన్నారు. నాకూ అదే సబబనిపించింది. ప్లంబర్‌ని పిలిచాం. అతను నేల కిందికి పాకి వెళ్ళి చూసి, పైపులు శుభ్రంగా ఉన్నాయనీ, ఏదీ కదలడం లేదనీ చెప్పాడు.

మెడల్ సంగతేమిటో తెలుసుకుందామని పక్క టౌన్లో పాత నాణేలు అమ్మే వాల్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని మెడల్ ముఖం చూడకుండా అంచు చుట్టూ తిప్పి చూశాడు. అక్కడ బియ్యపు గింజంత ముద్ర ఉంది. పండ్లు నిండిన కొమ్ము బొమ్మ, పక్కన 'కంచు' అని ఫ్రెంచిలో ఒక మాట. అది పారిస్ టంకశాల ముద్రట. ఫ్రెంచి చెప్పే కాలేజీ టీచర్ ఒకాయన తనకు తెలుసనీ, చదివించి పెడతాననీ మెడల్ ఉంచుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో చప్పుడు లేదు. నేల సర్దుకుందిలే అనుకున్నాను.

కొన్నాళ్ళకు వాల్టర్ ఫోన్ చేస్తే వెళ్ళాను. మెడల్ అద్దాల బీరువాలో లేదు. షాపు వెనక మెట్ల మీద, గుడ్డలో చుట్టి పెట్టి ఉంది.

"మ్యామ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో ఇది చప్పుడు చేసేదా?" అన్నాడు.

చప్పుడు విషయం నేను ఆయనకు చెప్పలేదు. "ఎలాంటి చప్పుడు?" అన్నాను.

పెన్సిల్ తీసి కౌంటర్ అద్దం మీద కొట్టి చూపించాడు. అదే వరస. అదే ఆగడం.

మెడల్ కథ అప్పుడు చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర ఫ్రాన్సులో ఒక గని పేలింది. లోపల నిప్పు ఆరాలంటే గాలి ఆపాలని, ఇక ఎవరూ బతికుండరని తేల్చి గని బావిని మూసేశారు. చాలా రోజుల తర్వాత కొంతమంది చీకట్లో దారి వెతుక్కుంటూ తమంతట తామే పైకొచ్చారు. రానివాళ్ళు లోపల ఇంకెన్నాళ్ళు బతికారో ఎవరికీ తెలియదు. ఆ మరుసటి ఏడు కంపెనీ మెడల్స్ పోయించింది. దీని మీద రాసిన మాటలు ఇవి: 'రక్షణ పనులను నడిపించిన ఇంజనీరుకు, కృతజ్ఞతతో.'

"పేరు ఎవరు గీకేసి ఉంటారు?" అని అడిగాను.

"మొగుడు పోయిన ఏ ఆడమనిషో అయ్యుంటుంది. లేకపోతే ఆ ఇంజనీరే గీకేసుకున్నాడేమో," అన్నాడు వాల్టర్. మెడల్ ఆయన్నే ఉంచుకోమంటే ఉంచుకోనన్నాడు.

ఇంటికి తెచ్చి మా ఆయనకు చెప్పాను. మెడల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్కోసారి గని సీల్ చెయ్యక తప్పదు. బయట కూచున్నోళ్ళకు అది అర్థం కాదు," అన్నారు. మెడల్‌ని మళ్ళీ కిటికీ గట్టు మీదే పెట్టాను.

ఆ వసంతంలోనే మా గని పేలింది.

అందరూ బయటపడ్డారు, నలుగురు తప్ప. అందులో డేల్ ఒకడు. చర్చి కింద హాల్లో ఆడవాళ్ళంతా కూర్చున్నాం. లిండా ఎవరితోనూ మాట్లాడకుండా కాఫీ కప్పులు కడుగుతూనే ఉంది, కడిగినవే మళ్ళీ. రక్షణ పనులు చూసే నలుగురైదుగురు ఇంజనీర్లలో మా ఆయన ఒకరు. మూడోరోజు మధ్యాహ్నం స్నానానికని ఇంటికొచ్చారు. నేనూ వెనకే వచ్చి అన్నం పెట్టాను.

"సాయంత్రం సీల్ చేస్తున్నరు," అన్నారు తల ఎత్తకుండా.

"ఒక్క రోజు ఆగమనండి. డేల్ లోపలున్నాడు."

"రీడింగ్స్ చూస్తే నువ్వు అట్ల అనవు. ఆ గాలిలో మనిషన్నోడు బతకడు. మళ్ళీ పేలితే రెస్క్యూ టీమ్ మొత్తం పోతది. వాళ్ళకు పెళ్ళాంపిల్లలు లేరా?"

ఆయన ముఖం చూస్తే నాకే భయమేసింది. ఆ మాట తేలిగ్గా అనలేదని తెలుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే నేల కింద నుంచి చప్పుడు మొదలైంది. ఇంతకుముందులా లేదు. గట్టిగా, తొందరగా, వరస తప్పి కొడుతున్నారు. బల్ల మీది గ్లాసులో నీళ్ళు వణికాయి. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేల వైపు చూశారు, తర్వాత నా వైపు.

"ఏమండీ," అన్నాను.

ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, బూట్లేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం గని మూసేశారు.

మర్నాడంతా వంటింట్లో ఆ చప్పుడు వస్తూనే ఉంది. రాను రాను నెమ్మదించింది. ఆ రాత్రి ఆగిపోయింది. మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఆకులు రాలే కాలంలో సీల్ తీసి లోపలికెళ్ళారు. నలుగురూ పని చేసే చోట లేరు. దూరంగా ఒక మూల, విషవాయువు రాకుండా అడ్డంగా మందపాటి గుడ్డ కట్టుకుని, దాని వెనక ఉన్నారట. పక్కనే నీళ్ళ పైపు. ఒకచోట దెబ్బలకు సొట్టలు పడి ఉంది. డేల్ చేతి దగ్గర రెంచి ఉంది.

ఇవి నాకు లిండా చెప్పింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కొడుతూనే ఉన్నారు సుజాతా. మీ ఆయన వినలేదా?" అంది.

మళ్ళీ ఆమె మా గడప తొక్కలేదు.

విచారణలో సీల్ చేయడం సరైన నిర్ణయమేనని తేల్చారు. లెక్కల ప్రకారం అయ్యుండొచ్చు. కంపెనీ పెద్ద డిన్నర్ పెట్టి, రక్షణ పనులు చూసినవాళ్ళకు తలా ఒక ఫలకం ఇచ్చింది. మా ఆయన కొత్త సూటు వేసుకుని వెళ్ళారు. నేను వెళ్ళలేదు.

మా ఇంటికీ గనికీ మధ్య ఎన్నో మైళ్ళు. అక్కడి పైపు మీద కొడితే ఇక్కడ వినపడే వీలు లేదని తర్వాత నేనే ఇద్దరు ముగ్గుర్ని అడిగి తెలుసుకున్నాను. మేం విన్నది డేల్ కొట్టినదా, ఎప్పుడో పోయిన ఆ ఫ్రెంచి వాళ్ళదా, ఇంకేదైనానా? నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆయన్ని చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాను, ఆ ఊరు వదిలి ఇర్వింగ్‌లో ఇల్లు కొన్నాక. పేపర్ చదువుకుంటూ, "ఏ చప్పుడు?" అన్నారు.

ఆయన అబద్ధమాడే మనిషి కారు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్యా ఆ సంగతి రాలేదు.