బందూకు దించిన మాట

పోయిన వారం కాకినాడలో నా కుడికంటికి ఆపరేషన్ చేశారు. శుక్లం బాగా ముదిరిపోయిందట. అంతా అయ్యాక నర్సమ్మాయి కంటి మీద దూది పెట్టి, దాని మీద చిల్లులున్న ప్లాస్టిక్ డొప్ప అతికించి, "మామ్మగారూ, ఇది మాత్రం తీయకండేం" అంది. "బుర్గా పెట్టావా తల్లీ" అన్నాను నవ్వుతూ. ఆ పిల్లకేమీ అర్థం కాలేదు. పక్కనున్న మా మనవరాలు నాకింకా మత్తు దిగలేదనుకుని చెయ్యి పట్టుకుంది. మత్తేం లేదు. ఇంటికొచ్చాక టీవీ చూడొద్దు, పుస్తకం పట్టుకోవద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అన్నారు. ఏ పనీ లేకుండా మంచం మీద పడుకోవడం నా జన్మలో అదే మొదలు. ఒంటికన్నుతో పైకప్పు చూస్తూ పడుకుంటే షార్జా ఇసుకలో గడిచిన ఒక చలికాలం మొత్తం కళ్ళముందుకొచ్చింది.

షార్జా అంటున్నాను గానీ అప్పట్లో మా గోదావరి వాళ్ళకు అదంతా దుబాయే. మా పెద్దమ్మ కూతురు అక్కడి ఆసుపత్రిలో నర్సు. పురుడు పోసుకోవడానికొచ్చిన ఒక అరబ్బు ఇల్లాలితో పరిచయం చేసుకుని, వాళ్ళింట్లో వంటకు నన్ను కుదిర్చింది. "వేటాడే ఇల్లే, మాంసానికి లోటుండదు, నోరు మాత్రం కాస్త అదుపులో పెట్టుకో" అని చెప్పి మరీ దించి వెళ్ళింది. ఆ చివరి ముక్క నాకు పుట్టినప్పటినుంచీ అందరూ చెబుతున్నదే. ఊరి నడుమ రోలా అనే పేట దగ్గర వాళ్ళకు పెద్ద ఇల్లు ఉండేది. మా కఫీల్, అంటే నా వీసాకు పూచీ పడ్డ యజమాని, ఆ ఇంటి కొడుకు, బజార్లో దుకాణాలున్న మనిషి. అతని తండ్రిని బాబా అనాలి, తల్లిని మామా అనాలి. మా ఊళ్ళో మామ అంటే మొగుడి తండ్రి. ముక్కునీ కనుబొమ్మలనీ కప్పే మెరుపుగుడ్డ ముసుగు కట్టుకున్న ఆ పెద్దావిడను పట్టుకుని "మామా, మామా" అని పిలవడానికి మొదట్లో నాకు నోరు తిరగలేదు. "హాతీ" అంటే వాళ్ళ భాషలో తీసుకురమ్మని. అప్పటికే నాలుగు హిందీ ముక్కలు నేర్చుకుని ఉన్నాను కాబట్టి, ఈ ఇంట్లో పొద్దున్నే ఏనుగునెందుకు తలుచుకుంటారా అని కొన్నాళ్ళు ఆశ్చర్యపోయాను.

చలి మొదలవగానే ఆ ఇల్లు ఇల్లంతా ధైద్ ఊరు దాటి ఇసుకలోకి వెళ్ళిపోయేది. గుడారాలు, తివాచీలు, మేకలు, మనవలు, గిన్నెలతో పాటు నేనూ. మొగవాళ్ళు డేగలతో హుబారా అనే పెద్ద పిట్టను వేటాడేవారు. బాబాకు డేగ ఉండేది గానీ ఆయన ప్రాణమంతా బందూకు మీదే. తెల్లవాళ్ళ కాలం నాటి రైఫిల్ అది. దాని కర్ర ఆయన చెంప ఆనే చోట నున్నగా అరిగిపోయింది. మధ్యాహ్నం తిండయ్యాక దాన్ని భుజాన వేసుకుని గాఫ్ చెట్ల వైపు కుందేళ్ళ కోసం, అదృష్టం ఉంటే జింక కోసం నడిచేవారు. ఆ గాఫ్ మన జమ్మిచెట్టేనని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు. పొడుగ్గా, సన్నగా ఉండేవారాయన. మాట తక్కువ. వేటలో ఎవరు కొట్టినా, దెబ్బ తగిలిన జంతువు ప్రాణం పోకముందే బిస్మిల్లా అని చెప్పి ఆయనే కోసేవారు. తెచ్చినదాన్ని గుడారం ముందు పెట్టి ఒక్క క్షణం దాని మీద చెయ్యి ఆనించి ఉంచేవారు. ఆ తర్వాతే అది నా వంటకు వచ్చేది. చంపి తినే వాళ్ళలో అంత మర్యాద నేనెక్కడా చూడలేదు.

నేను రొట్టెల పిండి కలుపుతుంటే మనవలు వచ్చి చేతులు పెట్టేవారు. కోపం వస్తే నాకు అరబ్బీ రాదు. "వద్దు! వద్దన్నానా!" అని గరిటెత్తేదాన్ని. వాళ్ళు పారిపోతూ "వద్దు, వద్దు" అని రాగం తీసి వెక్కిరించేవారు. రోజంతా గుడారాల చుట్టూ అదే గోల.

ఒక పొద్దున మొగవాళ్ళంతా వేటకు బయల్దేరుతున్నారు. చుట్టాలు కూడా వచ్చి ఉన్నారు. బాబా డేగను చేతి మీద ఎక్కించుకుని నా వైపు తిరిగి, "హాతీ అల్ బుర్గా" అన్నారు. బుర్గా అంటే నాకు తెలిసింది మామా మొహానికి కట్టుకునే ముసుగే. ఈ వేళప్పుడు అదెందుకో అనుకుంటూ ఆడవాళ్ళ గుడారంలోకి పరిగెత్తి, కర్రకు వేలాడుతున్న మామా రెండో ముసుగు తెచ్చి "ఇదిగో బాబా" అంటూ ఆయన చేతిలో పెట్టాను. డేగ కళ్ళకు తొడిగే తోలు టోపీని కూడా బుర్గా అంటారని నాకెవరు చెప్పారు? బాబా దాన్ని అందుకుని, ఏ మాత్రం తటపటాయించకుండా డేగ తలకు తొడగబోయారు. డేగ రెక్కలు కొట్టుకుంది, ముసుగు తాళ్ళు దాని మెడకు చుట్టుకున్నాయి. కొడుకూ చుట్టాలూ పొట్టలు పట్టుకుని నవ్వారు. బాబా ఒక్క క్షణం ఆగి, తర్వాత అందరికంటే పెద్దగా నవ్వారు. "ఆవిడ మొహం వీడికి నప్పలేదు" అన్నారు. పనిమనిషి పొరపాటును పెద్దాయన భలే ఆటగా మార్చాడనుకున్నారందరూ.

నేను ఆయనకు జానెడు దూరంలో ఉన్నాను. నవ్వక ముందు ఆ మొహం చూశాను. చలికి కొంకర్లు పోయిన వేళ్ళు తోలు కోసం ఆ గుడ్డ మీద తడుముకున్నాయి. కళ్ళు నన్ను కాదు, నా గొంతు వినిపించిన వైపు చూస్తున్నాయి. నల్లగుడ్ల మీద పాలమీగడలా ఏదో పేరుకుని ఉంది. ఆయన మొహంలో భయం కనిపించింది నాకు.

ఆ సాయంత్రం మామా కాళ్ళు పిసుకుతూ, "మామా, బాబాకి కళ్ళు..." అన్నాను.

"మాఫీ" అని ఆవిడే పూర్తి చేసింది. లేవు అని. "పోయిన చలికాలం నుంచి కాఫీ కప్పు ఆయన చేతికి నేనే అందిస్తున్నాను. ఎందుకనుకున్నావు?"

"అబ్బాయిగారికి చెప్పరా మరి?"

"చెబితే బందూకు తీసేసుకుంటాడు. బందూకు లేకపోతే ఆయన పడుకుంటాడు. పడుకుంటే ఇక లేవడు" అందావిడ. మాకు సగం హిందీ, సగం అరబ్బీ, మిగతాది చేతులు. అయినా ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. "రేపట్నుంచి కాఫీ పట్టుకుని నాతో పాటు నువ్వూ రా. నీ కళ్ళు మంచివి" అంది.

అప్పట్నుంచి ముందు బాబా, వెనక మామా, ఆ వెనక కాఫీ కెటిలూ నీళ్ళ డబ్బా మోస్తూ నేను. బాబాకు ఆ నేల అంతా పాదాలతోనే తెలుసు, ఒక్కసారి కూడా తడబడలేదు. కుందేలు కనిపిస్తే "బాబా, కుడివైపు, పొద కింద" అని మెల్లగా చెప్పేదాన్ని. ఆయన కాల్చేవారు, తగిలేది కాదు. "గాలి" అనేవారు. "అవును, గాలి" అనేది మామా. ఆకు కూడా కదలని రోజుల్లో కూడా ముగ్గురం గాలినే తిట్టుకుంటూ గుడారానికి వచ్చేవాళ్ళం. ఎవరికి ఏం తెలుసో ఎవరమూ బయటికి అనలేదు. మా నర్సు అక్క సెలవు రోజున చూడ్డానికొచ్చినప్పుడు సంగతి చెప్పాను. "అది పొరే! కోసేత్తే చూపొచ్చేత్తది. ఈలోగా ఆ తుపాకీతో ఎవర్ని లేపేత్తాడో ఏటో, నీకు బుద్ధుండాలి గానీ" అని నన్ను చివాట్లు పెట్టింది. ఆపరేషన్ మాట మామా ఒకసారి ఎత్తిందట. కత్తి పెట్టించుకుంటే వేటగాడి కన్ను వేటగాడిది కాకుండా పోతుందని బాబా మొహం తిప్పుకున్నారట.

ఒకరోజు పొద్దున ఇసుకలో జింక అడుగులు కనిపించాయి. ఇంకొక్క జింక, అంతే, అన్నారు బాబా. మధ్యాహ్నం తిండి కూడా సరిగా తినలేదు. ఎండ వాలుతుండగా గాఫ్ చెట్ల దగ్గరికి చేరాం. మామా ఆయాసంతో వెనకబడింది. నేను కెటిల్ కింద పెట్టి కొంగు సర్దుకుంటున్నాను. అంతలో బాబా "గజాల్" అని గొణిగారు. జింక అని. నేను చెప్పకుండానే ఆయనకు ఏదో కనిపించింది. ఒక మోకాలు నేలకానించి బందూకు ఎత్తారు.

నేను అటు చూశాను. పొద వెనక గోధుమరంగు వీపు ఒకటి అటూ ఇటూ కదులుతోంది. అది జింక కాదు. వాళ్ళ ఒంటెలు కాసే బలూచీ మనిషి. రోజూ పొద్దున్నే నా పొయ్యి దగ్గరికొచ్చి "బెహెన్, కాస్త చక్కెర ఎక్కువ" అని టీ అడిగే మనిషి. ఇసుకరంగు శాలువా కప్పుకుని, మాకు వీపు పెట్టి గొంతుక్కూర్చుని, కాల్లో దిగిన ముల్లు తీసుకుంటున్నాడు. బందూకు గొట్టం కుదురుగా అతని వీపు మీదే నిలిచింది. ఇన్నాళ్ళూ గాలి పేరు చెప్పిన చెయ్యి ఆ రోజు ఒక్క పిసరు వణకలేదు.

నేర్చుకున్న అరబ్బీ అంతా ఎటు పోయిందో. అమ్మ నేర్పిన మాటొక్కటే నోటికొచ్చింది.

"వద్దు! వద్దు బాబా, వద్దు!"

గొట్టం అలాగే ఉంది. తర్వాత అది మెల్లగా, చాలా మెల్లగా ఇసుక వైపు దిగింది.

"వుదూ?" అన్నారు బాబా, తల నా వైపు తిప్పకుండానే. మన సాయిబులు వజూ అంటారే, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం, వాళ్ళ నోట అది వుదూ. "అవునవును. అసర్ నమాజు వేళయింది. నీళ్ళు పొయ్యి."

బందూకులోంచి గుళ్ళు తీసి జేబులో వేసుకుని దాన్ని ఇసుక మీద పడుకోబెట్టారు. నేను డబ్బాలోంచి నీళ్ళు పోశాను. సగం నీళ్ళు ఇసుకపాలయ్యాయి. ఆయన చేతులు కడుక్కున్నారు, మొహం కడుక్కున్నారు. కళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ కడుక్కున్నారు. నా అరుపు విని బలూచీ కుంటుకుంటూ వచ్చాడు. "ఏమైంది బెహెన్, పామా?" అన్నాడు. పాము కాదు, నమాజు వేళ అన్నాను. అతనూ మిగిలిన నీళ్ళతో కడుక్కుని బాబా పక్కన భుజం ఆనించి నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి వంగారు, కలిసి నుదురు నేలకానించారు. కాస్త దూరంలో మామా కూలబడి ఉంది. ముసుగు కింద ఆవిడ ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. నేను చెట్టుకు ఆనుకుని నా యేసయ్యను తలుచుకున్నాను. ఒక మాటను ఇంకో మాటగా వినిపించినందుకు స్తోత్రం తండ్రీ అన్నాను.

లేచాక బాబా బందూకును తను తీసుకోలేదు. బలూచీని పిలిచి, నువ్వు మొయ్యి అన్నారు. తిరిగొచ్చేదాకా అతను దాన్ని గర్వంగా భుజాన వేసుకుని ముందు నడిచాడు, ఆయన అతని అడుగుల చప్పుడు పట్టుకుని వెనక నడిచారు. గుడారం ముందు కొడుకు నిలబడి ఉన్నాడు. "ఇక నుంచి ఇది నీది. నాకు ఖలాస్" అన్నారు బాబా. కొడుకు ఏమీ అర్థం కాక తల్లి వైపు చూశాడు. ఆ రాత్రి మామా అతనికి కళ్ళ సంగతి చెప్పింది. పొద వెనక సంగతి చెప్పలేదు. నేనూ అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. "నీ తెలుగు ఆయన్ని నమాజుకి పంపిందే" అని అక్క నవ్వింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎండలు ముదరకముందే బాబా కళ్ళకు ఆపరేషన్ అయింది, ఈసారి ఆయన కాదనలేదు. మామా భయపడినట్టు ఆయన మంచాన పడలేదు. మళ్ళీ చలికాలానికి సోడాబుడ్డి కళ్ళద్దాలతో అదే ఇసుకలో కూర్చున్నారు, బందూకు లేకుండా. మొదటి రోజు పొద్దున అందరూ నిప్పు చుట్టూ చేరారు. బలూచీ ఓ పక్కన కప్పు పట్టుకుని జుర్రుతున్నాడు. నేను కాఫీ పోస్తుంటే బాబా నా మొహాన్ని కళ్ళద్దాల్లోంచి పరీక్షగా చూశారు. "ఇంత చిన్నపిల్లవా నువ్వు? ఆ గొంతు విని ముసలిదానివనుకున్నాను" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఒక కప్పు తాగారు, ఇంకోటి తాగారు. ఇక చాలనుకుంటే అక్కడ కప్పును రెండు వేళ్ళతో అటూ ఇటూ ఊపి ఇస్తారు. నేను మళ్ళీ పొయ్యబోతే ఆయన ఊపలేదు. కప్పు మీద అరచెయ్యి మూసి, నా కళ్ళలోకి చూస్తూ, పిల్లలు పాడేంత స్పష్టంగా అన్నారు.

"వద్దు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మామా తల దించుకుంది. ఏడాదిగా నేను దేవుడికి చెప్పుకుంటూ వచ్చిన కృతజ్ఞత ఎవరికి చెందాలో అప్పుడు తెలిసి, కెటిల్ పట్టుకున్న చెయ్యి బరువెక్కింది. ఆయన ఆ రోజు సరిగ్గానే విన్నారు. విని, బలూచీకి ప్రాణం మిగిల్చి, నేనెవరికీ ఏమీ చెప్పనక్కర లేకుండా చేసి, నమాజు వేళయిందన్నారు.

నిన్న నా కంటి డొప్ప తీశారు. మనవరాలి మొహం మీద ఇన్నాళ్ళూ నాకు కనిపించని చిన్న పుట్టుమచ్చ కనిపించింది. బాబా వయసు దాటి చాన్నాళ్ళయింది నాకు. ఇంట్లో గరిటె పెత్తనం మాత్రం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. జీవితమంతా చేతిలో ఉన్నదాన్ని ఒక్క మాటకు దించడం ఎంత బరువో, ఆ వయసు నా మీదికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.