బోధన్ నుంచి స్టెంట్ కోసం బయలుదేరి, డిచ్‌పల్లి దగ్గరే ఆగిపోయాం

మెడలో మెదడుకు నెత్తురు తీసుకెళ్లే నాళం మూసుకుపోతోందనీ, హైదరాబాద్ వెళ్లి స్టెంట్ వేయించుకోవాలనీ నిజామాబాద్ డాక్టరు చెప్పడంతో మా అన్నను తీసుకుని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. అప్పటికే రెండుసార్లు అన్న కుడిచెయ్యి పడిపోయి, మాట తడబడి, కాసేపటికి మామూలైంది. మూడోసారి వస్తే మాట తిరిగి రాకపోవచ్చని డాక్టరు హెచ్చరించాడు. ఇదే పని మీద వెళ్లేవారికి పనికొస్తుందని రాస్తున్నాను గానీ, రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున ఆరింటికి బోధన్‌లో కారెక్కాం. రానుపోను ఏడు వేలకు మాట్లాడుకున్నాం. నిజామాబాద్‌కు గంట చాలు గానీ, దారంతా చెరకు ట్రాక్టర్లు. అన్నదీ చెరకు సాగే, నోరు ఊరుకోదు. కనబడిన ప్రతి చేనుకూ వంక పెట్టాడు.

"గీనె నిద్రల నీళ్లు పెట్టినట్టున్నడు," అంటే డ్రైవరు పకపకా నవ్వాడు.

నిజామాబాద్ చేరుతుండగా, నెత్తురు గడ్డకట్టకుండా డాక్టరు రాసిచ్చిన గోలీలు వేసుకున్నావా అని అడిగాను.

"గవి బంద్ జేసి వారమాయె చెల్లె. నెత్తురు పల్చగ జేసేటియి గదా! మీ వదినె కడుపు ఆపరేషన్‌కు ముందుగాల గిసుంటియే ఆపిచ్చిండ్రు. నేను యాదికుంచుకొని ఆపిన," అన్నాడు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

హైదరాబాద్ ఆసుపత్రికి ఫోన్ చేస్తే, స్టెంట్‌కు ముందు అవి మానకూడదనీ, వెంటనే వేయమనీ అన్నారు. గోలీలేమో ఇంట్లో ఉన్నాయి. ఆ పొద్దున తెరిచి ఉన్న మందుల దుకాణం నిజామాబాద్ దాటి డిచ్‌పల్లి దగ్గర గానీ దొరకలేదు. కొనుక్కుని వెనక్కి తిరిగేసరికి డ్రైవరు అరుస్తున్నాడు.

"మేడం, జల్ది రండ్రి! అన్న మూతి వంకరవోయింది!"

కారును నిజామాబాద్‌కే తిప్పాం. స్కాన్ చూసిన డాక్టరమ్మ మెదడులో చాలా భాగం దెబ్బతిన్నదనీ, ఇప్పుడు స్టెంట్ వేస్తే లోపల నెత్తురు కారే ప్రమాదముందనీ చెప్పింది. మాట వస్తుందా అంటే, ఆశ పెట్టుకోవద్దంది.

ఇంటికి తెచ్చి నెల దాటింది. అన్న ఏదో చెప్పాలని నోరు తెరుస్తాడు. నీళ్లా, అన్నమా, వదినను పిలవనా అని అడుగుతాను. అన్నింటికీ తల అడ్డంగా ఊపి, చివరికి ఏడుస్తాడు. నాకు ఆశ చచ్చిపోయింది. స్టెంట్ కోసం బయలుదేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను: ఏ గోలీ వేసుకోవాలో, ఏది ఆపాలో ఆ స్టెంట్ వేసే డాక్టరునే అడగండి, ఇంకో ఆపరేషన్‌లో చెప్పింది దీనికి పాటించకండి. ఎంత పని చేశావన్నా అని తిట్టాలనిపిస్తుంది. తిరిగి తిట్టడానికి ఆయనకు మాట లేదు.