పొడి పక్కలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆసిఫాబాద్‌లో షావుకార్లు కొందరు కలిసి దిక్కులేని ముసలివాళ్ల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. అందులో నేను ఆయాగా చేరాను. పద్నాలుగు మందికి నేనొక్కదాన్నే ఆయాను. ఒట్టి పెత్తనానికి ఒక మేనేజరు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో కూర్చోవడమే ఆయన చేసే సేవ. ఏ ముసలివాడి నోట్లోనైనా ఒక్క ముద్ద పెట్టిన పాపాన పోలేదు.

పక్కలు తడిస్తే మాత్రం ఆయనకు మహా చిరాకు. ఒకరోజు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని, గుమ్మంలోనే నిలబడి హుకుం జారీ చేశాడు.

"పగటి బువ్వ తిన్నంక ఎవ్వలకు నీళ్లియ్యకు. తాగకపోతే పక్క తడువది, గంతే."

ఆ తెలివికి ఆయన్ని గాడిద మీద ఊరేగించాల్సింది. నేను మాత్రం నీళ్ల కుండ తీసుకెళ్లి వంటింట్లో పెట్టాను. ఉతుకుడు తగ్గింది కదా, నాకూ హాయిగానే ఉంది.

బోథ్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన అవ్వ ఒకామె ఉండేది. లేచి నడవలేదు. సాయంత్రానికి ఆమె పెదాలు ఎండి, నాలుక పిడచ కట్టుకుపోయేది.

"బిడ్డా, జర నీళ్లు పొయ్యవె, గొంతు తడుపుకుంట" అని నా కొంగు పట్టుకునేది.

"రేపు పొద్దుగాల తాగుదువు తియ్యవ్వా" అని కొంగు విడిపించుకునేదాన్ని. మూడు నెలలు అలాగే విడిపించుకున్నాను.

ఒకనాడు నాలుగు గంటలకు తహసీల్దారు తనిఖీకి వచ్చాడు. మేనేజరు దుప్పట్లు తడిమి మరీ చూపించాడు.

"సూడుండ్రి సాబ్, ఒక్క పక్క తడి లేదు. మా సేవ అసుంటిది."

దొరగారికి నీళ్లు తెమ్మని నాకు పురమాయించాడు. నేను గ్లాసు పట్టుకుని అవ్వ మంచం దాటుతుంటే, ఆమె చటుక్కున చెయ్యి చాచి గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది. సగం మెడ మీదుగా కారిపోయింది. ఆ చేతికి అంత బలముందని నాకు అప్పటిదాకా తెలియదు.

మేనేజరు ముఖం మాడిపోయింది. "సాబ్ నీళ్లు ఎంగిలి చేసినవా? ఇజ్జత్ తీసినవు గదనే!"

"నీ సాబ్ ఇంటికి పోయి తాగుతడు. నేనేడికి పోవాలె?" అంది అవ్వ.

తహసీల్దారు నవ్వి, అంతా బాగుందని రాసి వెళ్లిపోయాడు. ఈ ముసలామెకు ఎందుకంత దాహమని అడగాలని ఆ పెద్ద బుర్రకు తోచలేదు.

ఆయన్ని సాగనంపుతూ మేనేజరు కూడా గేటు దాటగానే కుండ తెచ్చి అవ్వ మంచం దగ్గర పెట్టాను. ఆమె కడుపునిండా తాగింది. పొద్దుగూకక ముందే పక్క తడిసింది. ఆమెను ఒత్తిగిల్లజేసి, ఒళ్లు తుడిచి, పొడి దుప్పటి వేసి, తడిది బావి దగ్గర ఉతికి ఆరేశాను.

మేనేజర్ని తిట్టడం నాకు సులువు, ఇప్పటికీ తిడతాను. కానీ ఆ పని మొత్తానికి పట్టింది పావుగంట. ఆ పావుగంట మిగుల్చుకోవడానికి మూడు నెలలు ఆమె గొంతు ఎండబెట్టింది నేను.