ఊరికొక కబురు, ఇంటికొక కబురు

మాఘం మొదలైందంటే కొండల మీది షలోగి ఊరి దేవుడు స్వర్గానికి వెళ్ళిపోతాడు. నెలన్నర దాకా తిరిగి రాడు. ఆయన లేనన్నాళ్ళూ ఊళ్ళో పెద్ద చప్పుడు చేయకూడదు, రేడియో పెట్టకూడదు, హారన్ కొట్టకూడదు, నేలలో గునపం దించకూడదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటే కనుక అది ఎవరికీ కష్టం కాదు. కష్టమల్లా ఒక్కటే. మంచు ఎప్పుడు పడుతుందని అడగడానికి గుడిలో దేవుడు ఉండడు. దేవుడు పూని పలికే పూజారి కూడా ఆ నెలన్నరా మామూలు మనిషే, తన పెళ్ళాం ఆ పూట ఏం వండుతోందో కూడా చెప్పలేడు పాపం. అందుకని ఊరు ఊరంతా వెళ్ళి ఖిమీ దేవి అనే ఆవిడ ప్రాణం తీసేది.

ఖిమీకి యాభై దాటాయి. ఊరి పైన జనం మంచు మీద జారి ఆడుకునే స్కీ వాలు దగ్గర మంచు కబురు చెప్పడం ఆమె పని. పొద్దున్నే వాలెక్కి, కర్ర గుచ్చి చూసి, ఇవాళ మంచు ఎంత లోతుందో, పిండిలా ఉందో గడ్డకట్టి ఉందో రోడ్డు మలుపులోని నల్లబల్ల మీద రాసేది. రేపటి గురించి సిమ్లా వాతావరణ ఆఫీసు వాళ్ళు ఏమన్నారో అదీ రాసేది. తర్వాత అదే మాట ఫోనులో రికార్డు చేసి హోటళ్ళ వాళ్ళకీ టాక్సీల వాళ్ళకీ పంపేది. వాళ్ళు దాన్ని చండీగఢ్‌కీ ఢిల్లీకీ తోసేవారు. మైదానంలో పొగకి దగ్గుకుంటూ కూర్చున్న జనం ఖిమీ గొంతు విని స్వెట్టర్లు సర్దుకునేవారు.

ఖిమీకి ఒక జబ్బుంది. 'లేదు' అనే మాట ఆమె నోటికి రాదు. సిమ్లా వాళ్ళు 'కొన్నిచోట్ల కురిసే అవకాశం' అంటే, ఖిమీ నోట్లో పడేసరికి అది 'రేపు కురుస్తుంది, రండి' అయిపోయేది. అబద్ధం ఆడాలని కాదు. ఎదుటి మనిషి మొహం చిన్నబోతే ఆమె చూడలేకపోయేది. ఆ వాలు మీద మంచు పడితేనే ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యిలోంచి పిల్లి లేచేది మరి. ఆమె మొగుడు లోత్ రామ్ కూడా వచ్చేపోయేవాళ్ళకి బొచ్చు కోట్లూ రబ్బరు బూట్లూ అద్దెకిచ్చే కొట్టు పెట్టుకున్నవాడే.

ఆ ఏడాది మంచు మొహం చాటేసింది. డిసెంబరులో ఒకసారి చిలకరించి పోయింది, అంతే. వాలంతా ఎండుగడ్డి. లోత్ రామ్ కొట్లో కోట్లకి దుమ్ము దులపడమే పనైపోయింది. ఖిమీ మాత్రం రోజూ రేపు, ఎల్లుండి అంటూనే ఉంది. కుళాయి దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు వదిలేవారు కాదు. చప్పుడు చేయకూడదు కనుక దెప్పుళ్ళు కూడా గుసగుసగానే సాగేవి.

"వదినా, నువ్వు చెప్పిన మంచు నిన్న పడిందటగా. మేం ఇంట్లో ఉండి చూళ్ళేదు."

"దాన్ని విసిగించకే. బల్ల మీద ఎల్లుండి చెరిపి మళ్ళీ ఎల్లుండి రాయడం ఎంత పనో నీకేం తెలుసు."

గుడి పెత్తనం చూసే ముసలాయన తులే రామ్ ఊరి మౌనానికి కాపలాదారు. ఎవరింట్లో గిన్నె జారిపడినా ఆ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. ఆయన కూడా ఊరుకోలేదు.

"అమ్మాయ్, మన దేవుడు నెలన్నరకి వస్తానంటే నెలన్నరకి వస్తాడు. నీ మంచుకి ఆ మాత్రం నీతి లేదే."

"మంచుని నేను కన్నానా మామా, దానికి నీతులు నేర్పడానికి," అని ఖిమీ నవ్వేసేది. లోపల మాత్రం కుమిలిపోయేది. జనవరి గడిచేసరికి తన కబురు మీద తనకే నమ్మకం పోయింది. నోరు చెబుతూనే ఉంది గానీ మనసు వినడం మానేసింది.

సరిగ్గా అప్పుడే కోడలు నిర్మాకి నెలలు నిండాయి. అంతకుముందు ఒకసారి ఆరో నెలలో కడుపు పోయింది. అందుకని ఈసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నొప్పులు మొదలయ్యేసరికి ఆసుపత్రిలో ఉండాలి, ఇంట్లో కాన్పు మాట ఎత్తితే ఊరుకోనంది. కింద పట్నంలో నిర్మా పిన్ని ఇల్లు ఆసుపత్రికి ఎదురుగానే ఉంది. కాన్పుకి ఇంకా వారం పైన ఉంది కదా, ముందుగానే అక్కడికి చేర్చేద్దామని అనుకుంటున్నారు.

శుక్రవారం నాడు సిమ్లా వాళ్ళు ఈసారి అవకాశం గివకాశం అనలేదు. రేపు భారీగా మంచు, జాగ్రత్త అన్నారు. ఖిమీ అలవాటు ప్రకారం ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "నమస్తే, షలోగి నుంచి ఖిమీని. రేపు గట్టిగా పడుతుంది. పిల్లల్ని తీసుకుని రండి, వేడివేడి సిద్దు రొట్టెలు తిందురుగాని," అని పంపేసింది. తర్వాత ఇంటికి వచ్చి పొయ్యి పక్కన కూర్చుని రాజ్మా ఏరుకుంటోంది.

కొడుకు ఖూబ్ రామ్ వాలు మీద స్కీ నేర్పే కుర్రాడు. అతను ఆ కబురు విని వచ్చి, "అమ్మా, రేపు గట్టిగా పడుతుందన్నావుగా. చీకటి పడకముందే నిర్మాని దింపేసి వస్తాను," అన్నాడు.

"ఎక్కడ పడుతుందిరా. నెల రోజుల నుంచి చూస్తూనే ఉన్నాంగా దాని బాగోతం. అలిసిపోయింది పిల్ల, ఇప్పుడేం తిప్పుతావ్. సోమవారం నేనూ వస్తా, నిదానంగా వెళ్దాం."

"మరి లోకాన్నంతా రమ్మని పిలిచావేమే?" అన్నాడు లోత్ రామ్.

"అది ఊరికి చెప్పే కబురు. ఇది ఇంటికి."

అందరూ నవ్వారు. నిర్మా కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. 

మర్నాడు పొద్దున టీ తాగుతుండగానే మొదలైంది. ముందు నూకలా రాలింది, తర్వాత దూదిపింజల్లా దిగింది, కాసేపటికి ఎదురింటి కప్పు కనబడకుండా పోయింది. ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి చేతులు చాచి, గట్టిగా నవ్వకూడదు కనుక కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. నిన్నటి దాకా దెప్పినవాళ్ళే వచ్చి ఖిమీ బుగ్గలు పుణికారు. తులే రామ్ తన టోపీ మీది మంచు దులుపుకోకుండా అలాగే ఊరంతా తిరిగాడు. అమ్మయ్య, ఈ ఏడాది గడిచిందనుకుంది ఖిమీ.

ఆ నెలలో ఇంజన్లు పెట్టకూడదు కనుక వాలు మీది మంచుని మనుషులే తొక్కి గట్టి చేస్తారు. కాళ్ళకి స్కీ చెక్కలు కట్టుకుని, పక్కకి తిరిగి, ఒకరి పక్కన ఒకరు వరసగా నిలబడి, అడుగు వెనక అడుగు అడ్డంగా వేసుకుంటూ వెళ్తారు. వరస నడిచిన చోటల్లా మంచు అణిగి బల్లలా అవుతుంది. మధ్యాహ్నానికి ఊళ్ళో సగం మంది ఆ వరసలోనే ఉన్నారు. ఖిమీ మధ్యలో ఉంది. మోకాలు దాటిన మంచు. ఎన్నాళ్ళకో అంత మంచు చూసిన సంబరంలో ఆమెకి ఒళ్ళు తెలియలేదు.

కింది నుంచి ఖూబ్ రామ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. 

"అమ్మా, నిర్మాకి నొప్పులు. ఉమ్మనీరు పోయింది."

ఖిమీ రోడ్డు వైపు తిరిగి చూసింది. వాలు కింది నుంచి అవతల వంతెన దాకా కార్లే కార్లు, ముక్కుకి తోక ఆనించుకుని నిలబడి ఉన్నాయి. పంజాబ్ నెంబర్లు, హర్యానా నెంబర్లు, ఢిల్లీ నెంబర్లు. ఎక్కేవి ఎక్కలేక, దిగేవి దిగలేక, వాటి మీద మంచు పేరుకుపోతోంది. ఒక పక్క కొండ గోడ, ఒక పక్క ఆపిల్ తోటల దిగుడు. పక్కకి జరగడానికి జానెడు చోటు లేదు. అంబులెన్సు వాళ్ళకి ఫోను చేస్తే వంతెన దగ్గరికైతే వస్తాం, ఇటు చక్రం కదలదన్నారు.

వీళ్ళందర్నీ రమ్మన్నది ఎవరు? తనే. పిల్లని దింపుతానంటే వద్దన్నది ఎవరు? అదీ తనే. ఖిమీ ఉన్నచోటనే మంచులో కూలబడి, "నా నోరు పడిపోను," అంటూ నెత్తి కొట్టుకుంది.

"తర్వాత కొట్టుకుందువుగాని, ముందు లే," అన్నాడు తులే రామ్. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. "దెబ్బలు తగిలినవాళ్ళని జార్చుకుంటూ దించే మంచు బండి ఉందిగా. దాని మీద పడుకోబెట్టండి. నా తోటలోంచి దిగితే తిన్నగా వంతెనే."

"తోటలో మంచు మెత్తగా ఉంటుంది తాతా, బండి కూరుకుపోతుంది," అన్నాడు ఖూబ్ రామ్. "తిరగబడిందా, అంతే."

"మరి వీళ్ళంతా ఇక్కడ ఏం తొక్కుతున్నార్రా? వరసని ఇటు తిప్పు."

వరస తిరిగింది.  పొద్దుటి నుంచి వాలు మీద చేసిన పని వదిలేసి, తోట వైపు దిగుతూ మంచు తొక్కడం మొదలుపెట్టారు. లోత్ రామ్ కొట్టు తెరిచిపెట్టి వచ్చి చివర్న చేరాడు. కార్లలో విసిగిపోయి ఉన్న జనం అద్దాలు దించి, "ఏమైంది ఆంటీ?" అని అడిగారు. విషయం తెలిశాక కొంతమంది దిగి, అద్దె కోట్లతో రబ్బరు బూట్లతో వచ్చి వెనక నిలబడి తొక్కారు. వాళ్ళకి పద్ధతి తెలియదు, మాటిమాటికీ పడ్డారు, అయినా వెనక్కి పోలేదు.

తోట మొదట్లో కంచె అడ్డొచ్చింది. ముళ్ళతీగ కత్తిరించారు గానీ దేవదారు గుంజలు మిగిలాయి. ఇద్దరు కుర్రాళ్ళు ఒక గుంజని పట్టుకుని ఊపి పీకబోయారు. తులే రామ్ వచ్చి ఆ చేతుల మీద కర్రతో ఒక్కటిచ్చాడు.

"పీకితే మట్టి లేస్తుంది. దేవుడు ఊళ్ళో లేడు."

అందరూ ఆగిపోయారు. ఖిమీ, ఈ ముసలాడు ఇప్పుడు శాస్త్రం మాట్లాడతాడా అనుకుని కొట్టేంత కోపంతో ముందుకి వచ్చింది. "మామా, నీ కాళ్ళు పట్టుకుంటా. దోషం ఏదైనా ఉంటే నా నెత్తిన వేసుకుంటా."

"నీ నెత్తి మీద ఇంకేం పడతాయే, చోటేది," అన్నాడాయన. "పీకొద్దన్నాను, కోయొద్దన్నానా? రంపం తీసుకురండి. మంచు మట్టానికి కోసేయండి. మెల్లగా కోయండి, చప్పుడు కాకుండా."

అవి ఆయన తండ్రి పాతిన గుంజలు. వరసగా కోసేశారు.

నిర్మాని ఉన్ని దుప్పట్లలో చుట్టి బండి మీద పడుకోబెట్టి కట్టారు. ముందు ఖూబ్ రామ్ స్కీల మీద, వెనక తాడు పట్టుకుని ఇద్దరు. ఖిమీ పక్కనే నడుస్తూ, జారుతూ, కోడలి చెయ్యి వదల్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నిర్మా ఆ చేతిని నలిపేసేది.

"సోమవారం అన్నావుగా అత్తా," అంది పళ్ళబిగువున.

"తిట్టు తల్లీ, ఎంత తిడతావో తిట్టు."

"తర్వాత తిడతాలే. ముందు ఆ ఏడుపు ఆపు. నీ కన్నీళ్ళు నా మొహం మీద పడి గడ్డకడుతున్నాయి."

బండి ఎక్కడా కూరుకుపోలేదు. చెట్ల మధ్య నుంచి వరస ముందు ముందు తొక్కుకుంటూ పోయింది, వాళ్ళ వెనకే బండి దిగింది. వంతెన అవతల అంబులెన్సు దీపం కనిపించాక ఖిమీ మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. వెనక్కి తిరిగి చూస్తే తోటలో అందరూ ఎక్కడివాళ్ళక్కడ మంచులో చతికిలబడి ఆవిర్లు కక్కుతున్నారు. లోత్ రామ్ అక్కడి నుంచే, వెళ్ళు వెళ్ళు అని చెయ్యి ఊపాడు.

దీపాలు పెట్టే వేళకి పట్నం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నర్సు బయటికి వచ్చి, తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం అంది. ఆ మాట చెవిన పడగానే ఖిమీ గోడకి ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయింది. దేవుడు ఊళ్ళో లేకపోయినా ఎక్కడో ఒకచోట ఉన్నాడనుకుని, ఏ దిక్కుకి దణ్ణం పెట్టాలో తెలియక ఉన్న దిక్కుకే పెట్టింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి.

ఖూబ్ రామ్ కూతుర్ని చూసి వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడి మేజోళ్ళు తడిసి నీళ్ళు కారుతున్నాయి. మధ్యాహ్నం నుంచి వాడు తల్లిని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంటాడని ఆమెకి తెలుసు. అనాల్సిందే, పడతాను అనుకుని తల వంచుకుంది.

వాడు మేజోళ్ళు విప్పి పిండుకున్నాడు. తర్వాత ఆమె భుజం మీద తల ఆనించి, "అమ్మా, వీళ్ళని ఇంటికెప్పుడు తీసుకెళ్దాం? వాతావరణం ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు.

ఖిమీ నోరు తెరిచింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత జరిగాక కూడా వీడు నన్నే అడుగుతున్నాడే అనుకుని ఆ మాటని మింగేసింది.

"నాకు తెలీదురా నాన్నా," అంది. "తెలిసేదాకా ఇక్కడే ఉందాం."