ఆఖరి బంతిలో అమ్మగారు

మా అమ్మగారు పోయారు. మొన్న గురువారం పొద్దున్న బడికి బయల్దేరుతుంటే ఆవిడ పెద్దమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ ప్రభువు దగ్గరికెళ్ళిపోయిందండి, టీచరుగారూ" అంది. సరేనన్నట్టు "ఆయ్" అన్నాను. ఫోన్ పెట్టేశాక గాని ఏడుపు రాలేదు. ఆ రోజు క్లాసులో ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ కూర్చున్నాను. పిల్లలు తప్పు చెప్పినా దిద్దలేదు.

అమ్మగారంటే నా కన్నతల్లి కాదు. మా సంఘాల్లో పాస్టరుగారిని అయ్యగారని, ఆయన భార్యని అమ్మగారని అంటాం. ఆవిడ అమలాపురంలో ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. తనూ టీచరు పని చేస్తూ, దాన్ని వదులుకుని అయ్యగారితో కొత్తపేట అవతల ఏటిగట్టు పక్కనున్న మా ఊరికి వచ్చారు. సంఘానికి జీతమిచ్చే స్తోమత లేదని తెలిసే వచ్చారు. అది తెలివితక్కువ పని అని నేను మొదట్లో నలుగురి దగ్గరా అన్నాను. నాకు నోరు కాస్త పెద్దది.

వాళ్ళ తిండి గుప్పెడు బియ్యం మీద నడిచేది. సంఘంలో ప్రతి ఇంటి ఆడదీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి పేరు మీద వేరే డబ్బాలో వేస్తుంది. శనివారం శనివారం నేను ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం తెచ్చి మందిరం వెనక గదిలో డ్రమ్ములో పోసేదాన్ని. స్త్రీల సమాజం సెక్రటరీని కనక తాళం నా దగ్గరే ఉండేది. ఒకరివి పాత బియ్యం, ఒకరివి కొత్తవి, ఒకరివి సన్నాలు, ఒకరివి రేషన్‌వి. అన్నీ ఒక్క డ్రమ్ములోనే. వచ్చిన కొత్తలో అమ్మగారు వండిన అన్నం సగం ముద్ద, సగం పలుకు. తర్వాత ముందే నానబెట్టడం నేర్చుకున్నారు గాని పూర్తిగా కుదిరేది కాదు. సంఘంలో ఎవరైనా గొడవపడి ఆవిడ దగ్గరికి వస్తే, "ఇన్ని ఇళ్ళ బియ్యం ఒక్కలా ఉడకమంటే ఎలాగండీ, ఓర్చుకుని నవలాలి" అనేవారు.

కొన్నేళ్ళ కిందట గోదావరి పొంగి లంకలు మునిగాయి. అయ్యగారు మగవాళ్ళతో కలిసి పడవ మీద జనాన్ని తేవడానికి వెళ్ళారు. మధ్యాహ్నానికి మందిరం నిండిపోయింది. సగం మంది మా సంఘం వాళ్ళు కాదు. కొబ్బరితోటల రైతులున్నారు, కూలీలున్నారు, అప్పనపల్లి గుళ్ళో మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరి దారిలో చిక్కుబడిపోయిన ఒక ముసలాయన కుటుంబం ఉంది. సర్కారు వాళ్ళ అన్నం పొట్లాలు వస్తాయన్నారు. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు.

అమ్మగారు నా దగ్గరికి వచ్చి, "తాళం ఇవ్వండి టీచరుగారూ, వండేద్దాం" అన్నారు.

"సగం వండుదామండి, సగం మీకుంచుకోండి" అన్నాను. "ఈ నీళ్ళు తీసేటప్పటికి ఎవరింట్లోనూ గింజుండదు. మళ్ళీ గుప్పెడు ఎక్కణ్ణించొస్తదండి? ముగ్గురు పిల్లలకీ ఏం పెడతారు? ఏం చూసుకునండీ మీకింత ధైర్యం?"

"ధైర్యమా? నాకూ భయమేనండి" అన్నారావిడ. "ప్రభువు కనపడి చెబితే నేనూ హాయిగా వండేద్దునండి. ఆయన కనపళ్ళేదు, వీళ్ళు కనపడతన్నారు. సగం దాచుకుని ఆయన్ని నమ్మేనంటే నాకే నవ్వొస్తదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాళం ఆవిడ చేతిలో పెట్టలేదు, అరుగు మీద పడేసి పొయ్యిలు వెయ్యడానికి వెళ్ళిపోయాను.

ఇది మందిరంలో లేచి దేవుడి మేలు చెప్పుకునే సాక్ష్యమైతే డ్రమ్ము తరగలేదని చెప్పాలి. తరిగింది. మూడోరోజు అడుగు గీకాం. పొట్లాల పడవ ఆ సాయంత్రానికి గాని రాలేదు. నీళ్ళు తీశాక రెండు నెలల పాటు నేను శనివారం సంచి పట్టుకుని వెళ్ళడానికే సిగ్గుపడ్డాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వాళ్ళింటికి వెళితే పిల్లలు నూకల జావ తాగుతున్నారు. "నేను చెప్పలేదా అండీ?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"చెప్పేరండి, మీరు చెప్పినట్టే అయ్యింది" అన్నారు అమ్మగారు. "నమ్మితే కష్టం రాదని ప్రభువు మాత్రం ఎప్పుడన్నారండీ?" అని నాకూ ఒక గ్లాసు జావ పోసి ఇచ్చారు.

మొన్న శనివారం అమ్మగారి భూస్థాపనలో పెద్దలు ఆవిడ ప్రార్థనాపరురాలని చెప్పారు. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గాని చెప్పకుండానే కూర్చుండిపోయాను. చెప్పాల్సింది ఇది.

ఆ వరదలో మూడోరోజు మధ్యాహ్నం, ఆఖరి బంతి. గోనెపట్టాల మీద వరసగా జనం, ముందు అరటాకులు. వడ్డించేది నేను. అమ్మగారు తన ముగ్గురు పిల్లల్నీ తెచ్చి బంతి చివర కూర్చోబెట్టి, వాళ్ళ పక్కన తనూ కూర్చున్నారు. మూడు రోజులూ అంతే, అందరి తర్వాతే వాళ్ళు. బకెట్టు తేలికైపోతోందని నా చేతికి తెలుస్తూనే ఉంది. పెట్టేది తగ్గించాను. పెద్దమ్మాయికి పెట్టాను, అబ్బాయికి పెట్టాను. చిన్నదానికి గీకి గీకి వేస్తే రెండు ముద్దలు పడ్డాయి. అమ్మగారి దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు.

ఆవిడ బకెట్టులోకి చూడలేదు, నా మొహంలోకి చూసి "పర్లేదండి" అన్నారు. పిల్లలు తమ ఆకుల్లోంచి తీసి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. అందరూ ప్రార్థన కోసం ఆగి ఉన్నారు. మొక్కుకు బయల్దేరిన ముసలాయన కూడా ముద్ద కలపకుండా కూర్చున్నాడు. అమ్మగారు తల మీద కొంగు కప్పుకుని, "ఈ పూట మాకందరికీ అన్నం పెట్టినందుకు స్తోత్రం తండ్రీ" అన్నారు. అందరికీ అనే అన్నారు.

బంతి మొత్తం కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను. ఖాళీ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడి చూశాను. ఆవిడ ముందు అరటాకు, కడిగిన తడి ఇంకా ఆరలేదు, దాని మీద ఒక్క మెతుకు లేదు.