నాలుగు రోజుల అబద్ధం

పదేళ్ళుగా నా గురించి ఒక మంచి మాట బంధువుల్లో తిరుగుతోంది. అక్క కూతుర్ని కడుపులో పెట్టుకుని చూసుకున్నానట. విన్నప్పుడల్లా ఊరుకున్నాను. వినయం అనుకున్నారు. కాదు. ఇక మొయ్యలేక మీకు చెబుతున్నాను.

మా బావ ఆటోనగర్‌లో లారీ డ్రైవరు. తొంభైల చివర ఎయిడ్స్‌తో పోయాడు. ఏడాది తిరక్కుండా అక్కా పోయింది. వాళ్ళ అమ్మాయి రాణికి పదిహేనేళ్ళు, పదో తరగతి. పరీక్ష చేయిస్తే దానికి జబ్బు లేదని తేలింది. ఉన్నా కలిసి తింటే అంటదని నాకు తెలుసు. కరపత్రాలు చదివాను, పక్కవాటా వాళ్ళకి చదివి వినిపించాను కూడా. తెలియక చేశానని నా తరఫున ఎవరూ అనవద్దు.

గవర్నర్‌పేటలో మాది రెండు గదుల వాటా. మా ఆయన, నేను, మా అమ్మ. రాణి మా ఇంట్లో ఉండడానికి వచ్చిన మర్నాడే మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. ఆవిడ ఏమంటుందోనని, అనకముందే, రాణికి వరండాలో చాప వేసి కంచం, గ్లాసు వేరు పెట్టాను. "బయట చేరింది వదినా" అన్నాను. నెలసరి వస్తే నాలుగు రోజులు దూరం కూర్చోవడం మా ఇళ్ళల్లో ఉన్నదే. ఎవరూ ఎందుకని అడగరు. ఆ వీలునే వాడుకున్నాను.

రాణి విన్నది.

నాలుగు రోజులకి ఆడపడుచు వెళ్ళింది. నేను చాప తియ్యలేదు. ఎందుకు? భయమా? ఒకసారి వేరు పెట్టిన కంచాన్ని మళ్ళీ అందరి కంచాల్లో కలపడానికి చెయ్యి రాలేదు; ఇంతకంటే మంచి కారణం వెతికితే అది ఇంకో అబద్ధమవుతుంది.

తొమ్మిదో రోజు అన్నం పెడుతుంటే అడిగింది.

"పిన్నీ, ఇంకా ఎన్నాళ్ళు బయట ఉండాలి?"

మా అమ్మ తన కంచం పట్టుకొచ్చి ఆ చాప మీదే కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?"

"నేనూ బయట చేరానే."

"డెబ్బై ఏళ్ళకా?"

"ఆఁ. నీ ఇంట్లో ఆడవాళ్ళకి నువ్వెప్పుడంటే అప్పుడేగా వచ్చేది!"

రాణి పొలమారేలా నవ్వింది. అక్క పోయాక దాని నవ్వు వినడం అదే మొదలు. పరీక్షలయ్యేదాకా ఇద్దరూ ఆ చాప మీదే తిన్నారు, పడుకున్నారు, కొట్లాడుకున్నారు. అమ్మకి అక్షరం రాదు. అది పాఠం అప్పజెబితే విని, ఎక్కడ తడబడినా "మళ్ళీ చెప్పు" అనేది. రాణి పాసైంది.

పోయిన నెల అమ్మ పోయింది. పెద్దకర్మ నాడు బంధువులు మళ్ళీ అదే ఎత్తుకున్నారు. "ఆ జబ్బు పేరు చెబితేనే పారిపోయే రోజులండీ. తల్లిలా సాకింది!" రాణి విస్తళ్ళు వేస్తోంది. ఒక్కసారి నా వైపు చూసి, పక్క వరసకి వెళ్ళిపోయింది. నేను నోరు విప్పలేదు. అమ్మ చేసిన పనిని అమ్మ కర్మనాడే నా పేరున ఉంచుకున్నాను.

కాలం అలాంటిదని మీరనబోతే అనకండి. అదే కాలంలో, అదే ఇంట్లో, మా అమ్మకి ఏం చెయ్యాలో తెలిసింది. రాణిని క్షమించమని అడగను. అడిగితే నన్ను ఓదార్చే పని కూడా దాని మీదే పడుతుంది. ఆ పిల్లని నిలబెట్టింది మా అమ్మ. దూరం పెట్టింది నేను. ఇన్నాళ్ళకి ఎవరి పని వాళ్ళ పేరున రాశాను. ఊపిరి ఆడుతోంది.